ముప్పై దాటాక ఆడవాళ్లకు ఏ పరీక్షలు కావాలి? కర్నూలు, కడప, అనంతపురం ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సీమలో చాలామంది ఆడవాళ్లకు ఆసుపత్రితో పరిచయం మొదటి కాన్పుతో మొదలై పిల్లల ఆపరేషన్‌తో తెగిపోతుంది. పాతికేళ్లు నిండకుండానే ఆ ఆపరేషన్ అయిపోయినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. మళ్లీ డాక్టర్ ఎదుట కూర్చునేది నలభై దగ్గరపడ్డాకే. అదీ రక్తస్రావం ఆగకో, కళ్లు తిరిగి పడిపోయో. ఆ మధ్య పదిహేనేళ్లలో బీపీ ఎంతుందో, ఒంట్లో రక్తం ఎంతుందో, గర్భసంచి ఎలా ఉందో చూసే దిక్కుండదు. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ పదిహేనేళ్లవే. ఇవి చదివాక డాక్టర్ దగ్గరికి పోనక్కర్లేదని కాదు, పోయినప్పుడు ఏం అడగాలో తెలిసి ఉండాలని.

నాకు ఏ నొప్పీ లేదు. బాగున్నదాన్ని ఆసుపత్రికి పోయి ఏం చూపించుకోవాల?

నొప్పి పెట్టని జబ్బులను పట్టుకోవడానికే ఈ పరీక్షలు. బీపీ 160 ఉన్నా చాలామందికి తలనొప్పి కూడా రాదు. షుగర్ మొదలైన కొన్నేళ్ల దాకా మనిషికి తెలియదు. కాలి పుండు మానకపోతేనో, చూపు మసకబారితేనో బయటపడుతుంది.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అయితే మరీ నెమ్మది. హెచ్‌పీవీ అనే వైరస్ సోకి, దానంతటది పోకుండా అక్కడే తిష్ట వేస్తే, కణాలు మారుతూ మారుతూ క్యాన్సర్ దాకా రావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ నొప్పి ఉండదు, రక్తం కనపడదు. పరీక్ష చేస్తే మాత్రం కనపడుతుంది, ఆ దశలో చిన్న చికిత్సతో పోతుంది కూడా. భర్తతో కలిసినప్పుడు రక్తం రావడం, దుర్వాసనతో నీరు కారడం మొదలయ్యాక వచ్చినవాళ్లలో చాలామందికి అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ముది మొదటిదైతే ఇది రెండోది. రెండింటినీ ముందే పసిగట్టే దారి ఉంది.

సరే, ఏ వయసులో ఏం చేయించుకోవాలి? ఒక్కసారి వరసగా చెప్పండి.

పెళ్లికి ముందు, ఇరవైల్లో ఉన్న అమ్మాయిలకు హిమోగ్లోబిన్, బీపీ, బరువు చూస్తే చాలావరకు సరిపోతుంది. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంటే, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు ఎక్కువైతే పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి అండాశయాలు సరిగా పనిచేయకపోవడం), థైరాయిడ్ సంగతి డాక్టర్‌ను అడగాలి.

అసలు లెక్క 30 నుంచి మొదలవుతుంది. ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమంలో 30 దాటిన ప్రతి మనిషికీ ఏడాదికోసారి బీపీ, షుగర్ చూడాలి. ఐదేళ్లకోసారి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం చూడాలి. ముఖద్వారం పరీక్ష 65 దాకా కొనసాగుతుంది. కొలెస్ట్రాల్ నలభై దగ్గరికి వచ్చాక ఒకసారి చూపించుకోండి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉంటే ఇంకా ముందే. మామోగ్రామ్ నలభైల్లో, ఎముకల స్కాన్ అరవై దాటాక. షుగర్ ఉంటే వీటన్నిటితోపాటు ఏడాదికోసారి కళ్లు, పాదాలు, మూత్రపిండాల పరీక్ష.

ఇంట్లో టేపు ఉంటే నడుము కూడా కొలుచుకోండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీల వైపు అడుగు పడినట్టే. బరువు మామూలుగానే ఉండి పొట్ట మాత్రమే పెరిగినవాళ్లకూ ఇదే మాట.

గర్భసంచి పరీక్ష అంటే లోపల ఏం చేస్తారు? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ సహజమే. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం తగ్గుతుంది. టేబుల్ మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవమంటారు. చీర ఉంటే లంగా పైకి జరుపుకుంటే చాలు, నర్సు పైన దుప్పటి కప్పుతుంది. స్పెక్యులమ్ అనే పరికరాన్ని యోనిలోకి పెట్టి మెల్లగా తెరుస్తారు. స్టీలుదైతే చల్లగా తగిలి ఉలిక్కిపడతారు. అప్పుడు ఊపిరి బిగబట్టకండి. ఒళ్లు బిగిస్తేనే నొప్పి. నోటితో నిదానంగా గాలి వదులుతుంటే కండరాలు వదులవుతాయి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా చేసేది వీఐఏ పరీక్ష. పలచటి ఎసిటిక్ ఆమ్లంలో, అంటే వెనిగర్‌లో ఉండేదానిలోనే, దూది ముంచి ముఖద్వారం మీద అద్ది, ఒక నిమిషం ఆగి లైటు వేసి చూస్తారు. కొంచెం చురుక్కుమంటుంది. మార్పు చెందిన కణాలు ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది, లేకపోతే గులాబీ రంగులోనే ఉంటుంది. ఫలితం అక్కడికక్కడే చెప్పేస్తారు. టేబుల్ ఎక్కి దిగడానికి ఐదు పది నిమిషాలు.

పాప్ స్మియర్‌లో చిన్న బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌కు పంపుతారు. ఇది మూడేళ్లకోసారి. హెచ్‌పీవీ పరీక్షలో కూడా నమూనా తీయడం దాదాపు అలాగే, కానీ ల్యాబ్‌లో వెతికేది వైరస్ కోసం. మూడింటిలో పక్కాగా పట్టేది హెచ్‌పీవీ పరీక్షే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్నే ముందు వాడమంది. ఖర్చు ఎక్కువ, అన్నిచోట్లా దొరకదు. నా మటుకు నేను చెప్పేదేమంటే, అందుబాటులో ఉన్నది చేయించుకోండి. మంచి పరీక్ష కోసం ఆగి ఏ పరీక్షా చేయించుకోకుండా ఐదేళ్లు గడిపేయడం కంటే పీహెచ్‌సీలో వీఐఏ మేలు. ఒక్క తేడా గుర్తుంచుకోండి. ముట్టు ఆగిపోయినవాళ్లలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వీఐఏ అంత నమ్మకం కాదు. వాళ్లు పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ అడగాలి.

నెలసరి రోజుల్లో వెళ్లొద్దు. రెండు రోజుల ముందు నుంచి భార్యాభర్తలు కలవకూడదు, లోపల మాత్రలు, క్రీములు పెట్టుకోకూడదు.

మగ డాక్టర్ ఉంటే?

లేడీ డాక్టర్ గానీ స్టాఫ్ నర్సు గానీ చేయాలని అడగవచ్చు. మగ డాక్టరే చేయాల్సి వస్తే పక్కన ఆడ సిబ్బంది ఉండి తీరాలి. అది మీ హక్కు, వాళ్లు మీకు చేసే ఉపకారం కాదు. అక్కనో వదిననో తోడు తీసుకెళ్లి లోపలికి రానివ్వమనండి.

నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా ఎందుకు?

పిల్లల ఆపరేషన్‌లో గర్భనాళాలను మాత్రమే కట్టి కత్తిరిస్తారు. గర్భసంచి, దాని ముఖద్వారం ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి పరీక్ష కావాలి. సిజేరియన్ అయినవాళ్లకూ కావాలి. గర్భసంచి పూర్తిగా తీసేసినవాళ్లకు, అది క్యాన్సర్ కోసం తీసింది కాకపోతే, మామూలుగా అక్కర్లేదు. కొందరికి ముఖద్వారం వదిలేసి పైభాగమే తీస్తారు. మీది ఏ రకమో ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఆ కాగితం బీరువాలో పట్టా కాగితాలతోపాటు దాచుకోవాల్సిన వస్తువు.

వీఐఏ పాజిటివ్ అన్నారు. అంటే క్యాన్సర్ వచ్చిందా?

కాదు. అనుమానం ఉంది, ఇంకా దగ్గరగా చూడాలి అని అర్థం. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఇన్ఫెక్షన్ ఉన్నా తెల్లమచ్చ కనపడవచ్చు. తర్వాత కాల్పోస్కోపీ చేస్తారు, అంటే భూతద్దం ఉన్న పరికరంతో చూడటం. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్‌కు ముందు దశ అని తేలితే ఆ భాగాన్ని వేడితో మాడ్చేయడమో, కరెంటు తీగతో పలచగా తీసేయడమో చేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. గర్భసంచి తీయాల్సిన పని సాధారణంగా ఉండదు.

అసలు ప్రమాదం పాజిటివ్ వచ్చాక భయపడి ఇంట్లో కూర్చోవడం. రెండో పరీక్షకు రానివాళ్లే ఎక్కువ నష్టపోతారు.

తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది, నడుము నొప్పి. గర్భసంచి తీయించేసుకో, పిల్లలు పుట్టేశారు కదా అంటున్నారు. తీయించుకోవాల్నా?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరసగా చెబుతున్నాయి. అందులో చాలామందికి నలభై కూడా నిండలేదు. "అక్కరకు రాని సంచి, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, ఊరూరా పాకింది.

తెల్లబట్ట దానంతటదే జబ్బు కాదు. నెలసరికి నెలసరికి మధ్య కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా రావడం, నెలసరికి ముందు కొంచెం ఎక్కువ కావడం మామూలే. దురదతో పెరుగు విరిగినట్టు వస్తే ఫంగస్. అది మాటిమాటికీ వస్తుంటే షుగర్ చూపించుకోవాలి. చేపవాసనతో, పసుపు పచ్చ రంగులో వస్తే వేరే ఇన్ఫెక్షన్లు. వీటికి మందు ఉంది, కొన్నిరోజుల మాత్రలతో పోతాయి. కొన్నిటికి భర్త కూడా మందు వేసుకోవాలి, లేకపోతే పోయింది పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. నడుము నొప్పికి గర్భసంచి కంటే రక్తహీనత, వంగి కలుపు తీయడం, బిందెలు మోయడం ఎక్కువ కారణాలు. సంచి తీసేశాక కూడా నడుము నొప్పి అలాగే ఉందని చెప్పేవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు, అడిగి చూడండి.

స్కానింగ్‌లో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ కనిపించగానే ఆపరేషన్ అక్కర్లేదు. ఇబ్బంది పెట్టని గడ్డలు ఎందరికో ఉంటాయి, ముట్టు ఆగాక చాలావరకు కుంచించుకుపోతాయి. రక్తస్రావం ఎక్కువైతే ముందు మాత్రలున్నాయి, హార్మోను ఉన్న లూప్ ఉంది. గర్భసంచి తీయక తప్పని సందర్భాలు లేవని కాదు. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, సంచి కిందికి జారిపోవడం వంటివి ఉంటాయి. అప్పుడు తీయించుకోవాలి, భయపడకూడదు.

అండాశయాలు కూడా తీసేస్తే ఆరోజు నుంచే ముట్టు ఆగినట్టు. ముప్పై ఐదేళ్ల మనిషికి ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు ముందే మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ముట్టు ముందుగా ఆగిపోతుంది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

కాబట్టి ఎవరైనా తీసేయాలంటే మూడు విషయాలు అడగండి. జబ్బు పేరేంటి? మందులతో ఎందుకు కుదరదు? అండాశయాలు ఉంచుతారా? పాప్ స్మియర్, స్కానింగ్ రిపోర్టులు పట్టుకుని ఇంకో డాక్టర్‌కు, వీలైతే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి. రక్తం ధారగా పోతుంటే తప్ప, రెండు వారాలు ఆగితే కొంపేం మునగదు.

మా పాపకు పన్నెండేళ్లు. క్యాన్సర్ టీకా వేయించాలా?

వేయించండి. హెచ్‌పీవీలో 16, 18 రకాలు రెండే కలిపి ముఖద్వారం క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. టీకాలు ఆ రెండింటినీ అడ్డుకుంటాయి. వైరస్ సోకకముందే వేయాలి కాబట్టి 9 నుంచి 14 ఏళ్ల మధ్య మంచి వయసు. ఆ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు డోసులు వేయడం ప్రైవేటులో అలవాటు. ఒక్క డోసైనా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్ 2023లో మార్కెట్‌లోకి వచ్చాక ధర కొంత దిగింది. ప్రభుత్వం తరఫున ఎప్పుడు, ఎవరికి వేస్తున్నారో మీ ఏఎన్ఎంను అడగండి.

పిల్లలు పుట్టరని వచ్చే వాట్సాప్ మెసేజీలు నమ్మొద్దు. టీకా వేసుకున్నా 30 దాటాక పరీక్ష మానకూడదు.

రొమ్ములో గడ్డ తగులుతోంది. నొప్పి లేదు కాబట్టి పర్లేదా?

పర్లేదని అనుకోవద్దు. రొమ్ము క్యాన్సర్ గడ్డకు మొదట్లో ఎక్కువగా నొప్పి ఉండదు. నొప్పి లేదని ఏడాది ఆగినవాళ్ల కథలు క్యాన్సర్ వార్డు నిండా ఉంటాయి. అలాగని చేతికి తగిలిన ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. చాలావరకు కావు, ముఖ్యంగా ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లకు. కానీ ఏది ఏదో తేల్చాల్సింది డాక్టర్ చెయ్యి, స్కానింగ్, సూది పరీక్ష.

నెలకోసారి స్నానం చేసేటప్పుడు, నెలసరి మొదలైన ఏడు నుంచి పది రోజుల మధ్య, మూడు వేళ్ల మెత్తటి భాగంతో గుండ్రంగా తడిమి చూసుకోండి. చంక దాకా చూడాలి. చనుమొన లోపలికి పోవడం, దానిలోంచి రక్తం రంగు నీరు కారడం, చర్మం గుంట పడటం లేదా నారింజ తొక్కలా మారడం కనిపిస్తే వారంలోపే వెళ్లండి. ముట్టు ఆగినవాళ్లు నెలలో ఒక తారీకు పెట్టుకుంటే మరిచిపోరు.

మామోగ్రామ్ రొమ్మును రెండు పలకల మధ్య కాసేపు అదిమి తీసే ఎక్స్‌రే. 40 దాటాక రెండేళ్లకోసారి అని చాలామంది డాక్టర్లు చెబుతారు. నలభై లోపు రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి స్కానింగే బాగా పనికొస్తుంది. తల్లికో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి మొదటే చెప్పండి, లెక్క మారుతుంది.

నీరసంగా ఉంటే మా ఊరి ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుంటా. హాయిగా ఉంటుంది. తప్పా?

అర లీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, మిగతాది నీళ్లు. దానికి మూడొందలో నాలుగొందలో ఇచ్చి, సూది పొడిపించుకుని, రెండు గంటలు మంచం మీద పడుకుంటున్నారు. ఆ హాయి చాలావరకు ఆ రెండు గంటల పడకదే. షుగర్ ఉందో లేదో చూడకుండా ఎక్కిస్తే ప్రమాదం కూడా.

నీరసానికి అసలు కారణం ఎక్కువగా రక్తహీనత. 2019-21 జాతీయ సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 57 మందికి రక్తం తక్కువని తేలింది. గర్భిణి కానివాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణికి 11. గర్భిణి కానివాళ్లకు 8 కంటే తగ్గితే తీవ్రమైనట్టు లెక్క. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, గోళ్లు పాలిపోవడం, కొందరికి బలపాలు, బియ్యం, మట్టి తినాలనిపించడం దీని గుర్తులు.

పీహెచ్‌సీలో ఐరన్ మాత్రలు ఉచితం. మాత్ర వేసుకుంటే వికారం, మలం నల్లగా రావడం, కొందరికి మలబద్ధకం ఉంటాయి. నల్లగా రావడం చూసి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. అది మాత్ర రంగే, ఏం కాదు. వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. మాత్రకు అటు గంట ఇటు గంట టీ, కాఫీ, పాలు వద్దు, ఇనుము ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. రిపోర్టులో 12 కనపడగానే ఆపేయకండి, నిల్వలు నిండటానికి ఇంకో రెండు మూడు నెలలు వాడమంటారు. మూడు నెలలు సరిగ్గా వాడినా పెరగకపోతే కారణం వేరే. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుండవచ్చు, కడుపులో నులిపురుగులు, మొలలు, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు థలసీమియా ఉండవచ్చు. అది వెతకాలి.

తిండి సంగతికొస్తే, బీట్‌రూట్ ఎర్రగా ఉందని రక్తం పట్టదు. ఉలవలు, అలసందలు, తోటకూర, చెనిక్కాయలు, నువ్వులు, వారానికి రెండుసార్లు మాంసమో చేపో, తినేవాళ్లయితే కార్జం. పైన నిమ్మకాయ పిండుకోండి. ఇంకో మాట, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఉన్నంతకాలం మాత్రలు ఎన్ని మింగినా ఫలితం అంతంతే.

రాగి సంగటి తింటే షుగర్ రాదంటారు కదా?

సంగటి మంచిదే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి దరిదాపుల్లో ఏమీ ఉండదు. కానీ మన సంగటిలో బియ్యం కూడా పడుతుంది. పైగా మెత్తగా ఉడికిన రెండు పెద్ద ముద్దలు తింటే షుగర్ పెరగక ఏం చేస్తుంది? ముద్ద చిన్నది చేసి, పప్పు, ఆకుకూర, గోంగూర పెంచండి. జొన్నరొట్టె, కొర్రన్నానికీ ఇదే లెక్క. ఎంత తిన్నామన్నదే చూడాలి.

పరగడుపున షుగర్ 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు షుగర్‌కు ముందు దశ. 126, ఆపైన రెండోసారి కూడా వస్తే షుగరే. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5, ఆపైన ఉన్నా అంతే. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయినవాళ్లు మరీ జాగ్రత్త. వాళ్లకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. కాన్పయిన ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఏటా చూపించుకోవాలి. బిడ్డ టీకాలకు గుర్తుపెట్టుకుని పోతారు, ఇది మాత్రం మరిచిపోతారు.

బీపీ మాత్ర మొదలుపెడితే జీవితాంతం వాడాలట. మొదలుపెట్టకపోతే మంచిది కదా?

మాత్ర వల్ల బీపీ అలవాటు కాదు. బీపీ ఉంది కాబట్టి మాత్ర. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే మందు విషయం డాక్టర్ చెబుతారు. కుర్చీకి ఆనుకుని ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడాలి. బస్సు దిగి ఆదరాబాదరాగా వచ్చి చెయ్యి చాపితే ఎక్కువే చూపిస్తుంది. రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపు. ఊరగాయ, వడియాలు, అప్పడాలు, మిక్చర్‌లో ఉండేదీ ఆ లెక్కలోకే వస్తుంది. ఇది మన ఇళ్లలో కష్టమే, ఒప్పుకుంటాను.

ఎండాకాలం వచ్చిందంటే మూత్రంలో మంట. ఏం చేయాలి?

పొలంలో, ఇటుక బట్టీలో, నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసే ఆడవాళ్లు మరుగు లేదని పొద్దున నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. 42 డిగ్రీల ఎండలో అది మంటతో ఆగదు, రాళ్లు, కిడ్నీ ఇన్ఫెక్షన్ దాకా పోవచ్చు. మూత్రం ఆపుకోవడం కూడా ఇన్ఫెక్షన్‌కు దారే. పనిచోట మరుగుదొడ్డి అడగడం సిగ్గుపడే విషయం కాదు, మేస్త్రీని నలుగురూ కలిసి అడగండి. చలి జ్వరం, వీపు కింద నొప్పి ఉంటే మజ్జిగ, బార్లీ నీళ్లతో సరిపెట్టుకోకండి, మూత్ర పరీక్ష చేయించండి. గర్భిణులైతే మంట మొదలైన రోజే పోవాలి.

ముట్టు ఆగి మూడేళ్లయింది. మొన్న కొంచెం రక్తం కనిపించింది. వేడి చేసిందేమో?

వేడి కాదు. ముట్టు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా స్కానింగ్ చేయించుకోవాలి, అవసరమైతే గర్భసంచి లోపొర నుంచి ముక్క తీసి పరీక్షిస్తారు. చాలాసార్లు పొర పలచబడటం వంటి చిన్న కారణమే తేలుతుంది. కానీ గర్భసంచి లోపలి క్యాన్సర్ మొదట ఇలాగే కనపడుతుంది, అప్పుడు పట్టుకుంటే బాగా నయమవుతుంది.

మన దేశంలో ముట్టు సగటున 46, 47 ఏళ్లకే ఆగుతోంది. ఆ తర్వాత ఎముకలు త్వరగా పలచబడతాయి. కాల్షియం ఉన్న తిండి, రోజూ నడక, ఒంటికి కాస్త ఎండ కావాలి. ఇల్లు కదలనివాళ్లు, బురఖా వేసుకునేవాళ్లు విటమిన్ డి గురించి డాక్టర్‌ను అడగాలి. అనంతపురం వైపు కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఒళ్లునొప్పులకు కాల్షియం మాత్రలు మింగేముందు తాగే నీళ్లను పరీక్ష చేయించడం మంచిది.

అమ్మ ఆకువక్కలో పొగాకు వేసుకుంటుంది. నోట్లో తెల్లమచ్చ ఉంది.

రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం ఉంటే పళ్ల డాక్టర్‌కు వెంటనే చూపించండి. పొగాకు లేకుండా వక్క ఒక్కటే నమిలినా ప్రమాదమే.

నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది. ఇది కూడా డాక్టర్‌కు చెప్పేదేనా?

చెప్పేదే. రెండు వారాలకు మించి ఉంటే తప్పకుండా. కాన్పయిన తొలి నెలల్లో అయితే ఇంకా త్వరగా. థైరాయిడ్, రక్తహీనత వల్ల కూడా ఇలా ఉండవచ్చు, ముందు అవి చూస్తారు. మానసిక ఇబ్బందులకు సాయం చేసే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో కొడుతుంటే మహిళా హెల్ప్‌లైన్ 181.

ఇవన్నీ యాడ చేస్తారు? ఎంత ఖర్చవుతుంది?

బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, ఊరికి వచ్చే 104 వాహనం దగ్గర ఉచితం. వీఐఏ, రొమ్ము పరీక్ష పీహెచ్‌సీలో ఏ రోజు చేస్తారో ఆశా కార్యకర్తను ముందే అడగండి. గర్భిణులకు ప్రతి నెలా 9న డాక్టర్ చూసే ఉచిత శిబిరం 2016 నుంచి నడుస్తోంది. పెద్ద పరీక్షలకు ఆదోని, గుంతకల్లు ఏరియా ఆసుపత్రులు, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. ఆపైన కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్. అనంతపురం దగ్గర బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ తేలితే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఉంటుంది. వివరాలకు 104కి ఫోన్ చేయండి. కడపవాళ్లు తిరుపతికి, అనంతపురంవాళ్లు బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి పోవడం మామూలే. పోయేముందు వైద్య సేవ కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో కనుక్కోండి.

పెద్దాసుపత్రికి సోమవారం పోకండి, ఓపీ కిటకిటలాడుతుంది. ఆధార్, పాత రిపోర్టులు, వాడే మాత్రల అట్టలు తీసుకెళ్లండి. పరగడుపు పరీక్ష ఉంటే రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దు.

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు పోయేవాళ్లకు ఒక మాట. బయలుదేరేముందు పాప్ స్మియర్ ఇచ్చి వెళ్తే రిపోర్టు ఇక్కడ, మనిషి అక్కడ. వలసకు ముందైతే అప్పుడే ఫలితం చెప్పే వీఐఏ నయం. బీపీ, షుగర్ మాత్రలు తిరిగొచ్చేదాకా సరిపడా అడిగి తీసుకోండి, చీటీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి.

ల్యాబువాళ్లు 999కి డెబ్బై పరీక్షలు చేస్తామంటున్నారు. అది చేయించుకుంటే సరిపోతుందా?

డెబ్బై అన్నది ఒక్కో పరీక్షలోని భాగాలను విడదీసి లెక్కపెట్టిన సంఖ్య. రక్తకణాల పరీక్ష ఒక్కటే ఇరవై దాకా చూపిస్తారు. అందులో మీకు పనికొచ్చేవి హిమోగ్లోబిన్, షుగర్, కొలెస్ట్రాల్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మహా అయితే థైరాయిడ్. సీఏ-125 లాంటి క్యాన్సర్ మార్కర్లు ఏ లక్షణమూ లేనివాళ్లకు చేయించకూడదు. నెలసరి వల్ల కూడా పెరిగి అనవసరంగా భయపెడతాయి. పైగా ఆ ప్యాకేజీలో ముఖద్వారం పరీక్ష ఉండదు, రొమ్మును చేత్తో చూసేవాళ్లుండరు, బీపీ కూడా చూడరు. ఆ మూడూ పీహెచ్‌సీలో ఉచితం.